సూదిమొనపై సైన్సు జోకు: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో కుట్టుపని చేసేవాళ్లు మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. "కుట్టు వచ్చు, సైన్సు రాదు" అనేవాళ్లూ, "సైన్సు వచ్చు, సూదిలో దారం ఎక్కించడం రాదు" అనేవాళ్లూ దాదాపు సమానంగా ఉన్నారు. రెండూ రానివాళ్లు నేరుగా ధరల ప్రశ్న దగ్గరికి వెళ్లిపోవచ్చు.

సైన్సు జోకును గుడ్డ మీద కుట్టడమంటే ఏమిటి?

పువ్వు, నెమలి, మామిడిపిందె కుట్టే చోట ఒక అణువునో, సూక్ష్మజీవినో, సమీకరణాన్నో కుట్టడం. చూసినవాళ్లు ముందు "బాగుందే" అనాలి, అదేమిటో తెలిశాక నవ్వాలి. ఉదాహరణకు దిండు గలీబు. ఒకవైపు కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువు, మూడు ఫాస్ఫేట్లతో. రెండోవైపు ఏడీపీ, రెండే ఫాస్ఫేట్లతో. ఒంట్లో పని జరగాలంటే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తెగాలి, తెగాక మిగిలేది ఏడీపీ. కాబట్టి అలసిపోయి పడుకునేటప్పుడు ఏడీపీ పైకి, పొద్దున పక్క సర్దేటప్పుడు ఏటీపీ పైకి. 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అందువల్ల దీన్ని తెలుగు దిండు అనడానికి మాకు మొహమాటం లేదు.

జోకు పేలాలంటే ఏం కావాలి?

సైన్సు సరిగ్గా ఉండాలి. బొమ్మ కాస్త వంకరగా ఉన్నా ఫరవాలేదు, లెక్క వంకరగా ఉండకూడదు. లెక్క తప్పితే చూసినవాళ్లు నవ్వుతారు, కానీ ఆ నవ్వు జోకుకు కాదు, మీకు.

కాఫీ కప్పు కింద వేసే గుడ్డ మీద కెఫీన్ అణువు కుట్టాలని అందరూ మొదట అడుగుతారు. ఒక షడ్భుజి, ఒక పంచభుజి, రెండూ ఒక అంచును పంచుకుని ఉంటాయి. బయటికి మూడు మిథైల్ కొమ్మలు వస్తాయి. వాటిలో ఒకటి కుట్టడం మరచిపోయారనుకోండి. ఏది మరచిపోయారన్నదాన్ని బట్టి మీ కాఫీ మారిపోతుంది. ఒకటో నంబరు నత్రజని మీది వదిలేస్తే అది థియోబ్రోమిన్, చాక్లెట్‌లో ఉండేది. ఏడో నంబరు మీది వదిలేస్తే థియోఫిలిన్, ఉబ్బసానికి వాడే మందు. మూడో నంబరు మీది వదిలేస్తే పారాజాంథిన్, అంటే తాగిన కాఫీని కాలేయం మార్చాక ఒంట్లో తిరిగేది. ఈ మూడింటినీ కావాలనే కుట్టి, నాలుగోదిగా అసలు కెఫీన్ పెట్టి, నాలుగు కప్పుల కింద పరిచి, వచ్చిన చుట్టాలను "మీకు కాఫీయా, చాక్లెట్టా, ఉబ్బసం మందా, ఇదివరకే తాగేసిన కాఫీయా?" అని అడిగితే జోకు పూర్తయినట్టు. సెట్టు మొత్తానికి కావలసింది కాడకుట్టు ఒక్కటే.

నేను సైన్సు చదవలేదు. కుట్టవచ్చా?

తప్పకుండా. సూది పట్టినవాళ్లకు లెక్కపెట్టడం, సౌష్ఠవం చూడడం ఎలాగూ వచ్చే ఉంటాయి. ఇంటర్ చదివే పిల్లల పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మను మాత్రం పుస్తకంతో సరిచూడకుండా గుడ్డ మీదికి ఎక్కించకండి.

డీఎన్ఏను ఎటువైపు మెలిపెట్టాలి?

ఎక్కువమంది తప్పేది ఇక్కడే, అందుకే ఈ జవాబు కాస్త పెద్దది. మన కణాల్లో మామూలుగా ఉండే డీఎన్ఏ కుడిచేతి మెలిక. నిలువుగా పెట్టి చూస్తే, ముందువైపు కనిపించే పట్టీలు కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కుతూ ఉండాలి. ట్రేసింగ్ పేపరును తిరగేసి అద్దారా, అది ఎడమచేతి మెలిక అయి కూర్చుంటుంది. మగ్గం పనివాళ్లలా గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దేవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చిల్లుల కాగితం రెండువైపులా ఒకేలా పనిచేస్తుంది కదా. కాగితం మూల మీద "పై వైపు" అని రాసుకోండి.

ఎవరైనా పట్టుకుంటే తప్పించుకోవడానికి ఒక దారి ఉంది. ఎడమచేతి మెలిక ఉన్న డీఎన్ఏ కూడా నిజంగానే ఉంది, దాని పేరు జెడ్-డీఎన్ఏ, దాని నిర్మాణం 1979లో బయటపడింది. "నేను కుట్టింది అదేనండీ" అనవచ్చు. కానీ ఎదుటివాళ్లు గట్టివాళ్లయితే ఆ మాటా చెల్లదు, ఎందుకంటే జెడ్-డీఎన్ఏ వెన్నెముక నున్నగా తిరగదు, వంకర్లు కొడుతూ పోతుంది. ఇంకో తమాషా చూడండి. దారం పురిని ఎస్ అనీ జెడ్ అనీ రెండు రకాలుగా చెబుతారు. దారాన్ని నిలువుగా పట్టుకున్నప్పుడు పురి గీతలు ఏ అక్షరం నడిమి గీతలా వాలితే దానికి ఆ పేరు. జెడ్ పురి అంటే కుడిచేతి మెలిక. అంటే ఎడమచేతి జెడ్-డీఎన్ఏను కుడిచేతి జెడ్ పురి దారంతో కుట్టవచ్చు. ఈ జోకు అర్థమై నవ్వేవాళ్లు ఊరికి ఒకరిద్దరు ఉంటారేమో. బరంపురంలో ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ ఉంది కాబట్టి ఇంకొందరు ఎక్కువ.

మిగతా లెక్కలు: ఒక పూర్తి చుట్టుకు పది, పదకొండు మెట్లు. మెట్లన్నీ ఒకే రకంగా కుట్టకండి. మెట్టంటే రెండు క్షారాల జత. ఏ-టీ జతకు మధ్యలో రెండు చిన్న కుట్లు, జీ-సీ జతకు మూడు, ఎందుకంటే హైడ్రోజన్ బంధాలు అన్నే. రెండు పట్టీల మధ్య సందులు సమానంగా ఉండవు, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. సమానంగా కుడితే అది మెలితిరిగిన నిచ్చెన అవుతుంది, డీఎన్ఏ కాదు.

మెలికలు మా వల్ల కాదనేవాళ్లకు నేను ఇష్టంగా చెప్పే నమూనా ఒకటుంది. శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్ దగ్గర పనిచేస్తూ రేమండ్ గోస్లింగ్ 1952 మేలో తీసిన 51వ నంబరు డీఎన్ఏ ఎక్స్‌రే చిత్రం. అందులో కనిపించేది చుక్కల వరుసలతో ఏర్పడిన ఒక పెద్ద ఇంటూ గుర్తు, అంతే. డీఎన్ఏ మెలిక అని తేల్చిన సాక్ష్యం స్వయంగా క్రాస్ స్టిచ్ ఆకారంలో వచ్చిందన్నమాట. క్రాస్ స్టిచ్‌తో క్రాస్ స్టిచ్ కుట్టండి. కేంద్రం నుంచి లెక్కపెడితే నాలుగో చుక్క దగ్గర మాత్రం ఖాళీ వదలండి. అది మీ మతిమరుపు కాదు, రెండు పోగులు ఒకదానికొకటి కాస్త జరిగి ఉండడం వల్ల అసలు చిత్రంలోనే అక్కడ చుక్క లేదు.

తుపానును కుట్టవచ్చా? మా ప్రాంతంలో అది నవ్వులాట కాదు.

కాదు. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ రాత్రిని మరచినవాళ్లు ఈ జిల్లాలో లేరు. తుపాను మీద జోకు వేయకండి, తుపాను బొమ్మను తప్పుగా గీసేవాళ్ల మీద వేయండి. ఉత్తరార్ధగోళంలో తుపాను గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. అదే ట్రేసింగ్ పేపరు తిరగబడిందంటే మీ ఫైలిన్ వెళ్లి ఆస్ట్రేలియా మీద పడుతుంది. ఒకే చిత్రాన్ని రెండు ఫ్రేముల్లో, ఒకటి సరిగా, ఒకటి తిరగేసి కుట్టి, ఒకదాని కింద "గోపాలపురం", రెండోదాని కింద "పెర్త్" అని రాస్తే చాలు. కన్ను దగ్గర కుట్టకుండా గుడ్డను అలాగే వదలండి. దాని చుట్టూ ఉన్న మేఘగోడను అన్నిటికంటే చిక్కగా కుట్టండి, గాలి బలమంతా అక్కడే ఉంటుంది.

ఋషికుల్య తాబేళ్లకు ఎన్ని పలకలు?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మాకు సంతోషం. ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర ఇసుకలో గుంపులుగా గుడ్లు పెట్టేవి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. వాటి డిప్ప మీద నడిమి వరుసకు ఇరువైపులా ఉండే పక్క పలకలు ఐదు నుంచి తొమ్మిది జతల వరకు, సాధారణంగా ఆరు లేదా అంతకంటే ఎక్కువ. బజారులో దొరికే నమూనాల్లో ఎక్కువగా నాలుగే ఉంటాయి. నాలుగు జతలుంటే అది పచ్చ తాబేలు లాంటి వేరే జాతి. "మన ఊరి తాబేలు" అని కింద రాసి పచ్చ తాబేలును కుట్టడం, పక్కింటావిడ ఫోటో పెట్టి అమ్మమ్మకు దండ వేయడం, రెండూ ఒకటే.

ఈ తాబేలుకు ఇంకో సుగుణం ఉంది. ఎడమవైపు ఆరు, కుడివైపు ఏడు పలకలున్నా తప్పు కాదు, అసలు జంతువులోనే అలా ఉంటాయి. లెక్క తప్పినవాళ్లను క్షమించే నమూనా కుట్టుపని లోకంలో ఇదొక్కటే. పిల్లతాబేళ్లను ఎర్రదారంతోనూ నీలిదారంతోనూ కుట్టే ఆట కూడా ఉంది. ఇసుక వేడెక్కే కొద్దీ ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. గుడ్డ పైభాగాన "ఏప్రిల్ ఎండ" అని రాసి ఒకే ఒక్క నీలి తాబేలును కుట్టండి. అతని మొహంలో కాస్త బిక్కచూపు పెట్టడం మరవద్దు.

నా దారానికే ఎందుకు ముడులు పడతాయి?

మీకే కాదు. 2007లో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే ఇద్దరు శాన్‌డియాగోలో ఒక తాడును పెట్టెలో వేసి గిరగిర తిప్పి, ముడి పడుతుందా లేదా అని చూశారు. ఒకసారి కాదు, 3,415 సార్లు. చిక్కు ముడులు కొన్ని సెకన్లలోనే పడిపోయాయి. గణితంలో ముడుల సిద్ధాంతంతో పోల్చి చూస్తే అందులో 120 రకాల ముడులు తేలాయి. మరుసటి ఏడాది వాళ్లకు భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ వచ్చింది, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి. కుట్టుపెట్టె ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఈ ఫలితం ఖర్చు లేకుండా చెప్పేవారు.

కానీ అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. తాడు ఒక పొడవు దాటేవరకు ముడి పడదు, దాటగానే ముడిపడే అవకాశం చటుక్కున పెరుగుతుంది. వాళ్లు వాడిన తాడుకు ఆ హద్దు దాదాపు అర మీటరు. మన పెద్దవాళ్లు దారం తీసేటప్పుడు చెప్పే కొలత "మూరకు మించొద్దు". మూర అంటే మోచేతి నుంచి వేలికొస వరకు, సుమారు 18 అంగుళాలు, అర మీటరుకు కాస్త తక్కువ. వాళ్ల తాడు వేరు, మన ఆరు పోగుల పట్టుదారం వేరు, కాబట్టి రెండు లెక్కలూ కలవడం యాదృచ్ఛికం కావచ్చు. అయినా "మూర" అని గుడ్డ మీద కుట్టి, దాని కింద "3,415 ప్రయోగాల తర్వాత ధ్రువీకరించబడింది" అని రాసి అమ్మమ్మకు ఇచ్చేయండి. ఆమె ఆశ్చర్యపోరు.

వెనుకవైపు చిందరవందరగా ఉంది. ఎవరైనా చూస్తే?

చూడనివ్వండి. వియన్నాలో భౌతికశాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద ఎంట్రపీ, అంటే అక్రమాన్ని కొలిచే సమీకరణం చెక్కి ఉంది. అదే సమీకరణాన్ని మీ గుడ్డ వెనుకవైపు, ఆ దారాల గందరగోళం మధ్యలో చక్కగా కుట్టండి. ముందువైపు సంగతి వదిలేసి అందరూ వెనుకే చూస్తారు. ముందు ఎంత క్రమంగా ఉంటే వెనుక అంత అక్రమం పోగవుతుందన్నది భౌతికశాస్త్రం ఒప్పుకునే వాదనే, అత్తగారు ఒప్పుకుంటారో లేదో చెప్పలేం.

మూసిన పెట్టెను తెరిచి చూసేవరకు బతికీ చచ్చీ రెండు విధాలా ఉందనుకోవలసిన ష్రోడింగర్ ఊహల పిల్లిని (1935) ఇదే తరహాలో కుట్టవచ్చు. రెండు పొరల సంచీ కుట్టి, లోపలి ఒక పొర మీద కూర్చున్న పిల్లిని, రెండో పొర మీద వెల్లకిలా పడుకున్న పిల్లిని కుట్టి, మూతిని గట్టిగా మూసేయండి. తెరిచే హక్కు ఎవరికీ ఇవ్వకండి, అప్పుడే అది ఆ పిల్లి.

గోడ మీద ఫ్రేములో బాక్టీరియా పెడితే ఇంట్లో ఏమంటారు?

కుట్టు ఫ్రేము గుండ్రంగా ఉంటుంది, ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే పెట్రీ పళ్లెమూ గుండ్రంగా ఉంటుంది. ఈ జోకు ఎవరో ఒకరికి తట్టక తప్పదు. ఫ్రెంచ్ ముడులు కుట్టుకుంటూ పోతే కాలనీలు తయారు. రంగులు మాత్రం సరిగ్గా చూడండి. ఈఎంబీ అనే మాధ్యమం మీద ఈ.కోలై పచ్చని లోహపు మెరుపుతో పెరుగుతుంది, అక్కడ పచ్చ జరీ దారమే వాడాలి, మామూలు పచ్చదారం సరిపోదు. స్టెఫిలోకోకస్ ఆరియస్ బంగారు రంగుది, దానికి బంగారు జరీ. పెళ్లిపట్టు చీరకు వాడే జరీతో కుట్టగలిగే రోగకారకం ఉండడమే ఒక జోకు.

ఛత్రపురంలో ఒక కోడలు ఇలాంటిదాన్ని హాల్లో వేలాడదీసింది. అత్తగారు దగ్గరికి వచ్చి చూసి, "ఏమ్మా, గోడ మీద వడియాలు పెట్టావు, కాకులు రావూ?" అన్నారట. ఆ ప్రశ్ననే ఆ కోడలు ఫ్రేము అంచున కుట్టేసింది. ఇప్పుడు అత్తగారే వచ్చినవాళ్లకు చూపిస్తున్నారు.

ఆవర్తన పట్టికలో బంగారాన్ని టెస్టెడ్ జరీతో కుట్టవచ్చా?

కుట్టవచ్చు, కానీ అబద్ధమాడినట్టు. అసలు జరీ వెండితీగ మీద బంగారు పూత. టెస్టెడ్ జరీలో ఉండేది రాగి. కాబట్టి 79వ గడిలో టెస్టెడ్ జరీతో కుడితే లోపల 29వ గడి దాక్కుని ఉంటుంది. పక్కన చిన్న అక్షరాల్లో "నిజానికి 29" అని రాయండి, జరీ కొనే అనుభవం ఉన్న ప్రతి గృహిణీ నవ్వుతుంది. మొత్తం 118 మూలకాలూ కుట్టాలనుకునేవాళ్లకు ఓపిక ఎక్కువ కావాలి. పాదరసం, బంగారం, వెండి, రాగి, సీసం, ఇనుము చాలు మొదలుపెట్టడానికి.

బరంపురం పట్టు అంచుకు సరిపడే జోకు ఉందా?

ఉంది, ఇది మాకు బాగా గర్వంగా ఉన్నది. మన పట్టుచీరల ఫోడా కుంభ అంచు అంటే గుడి గోపురాల వరుస, త్రికోణం పక్కన త్రికోణం. గణితంలో దీన్ని త్రికోణ తరంగం అంటారు. ఏ తరంగాన్నయినా నున్నటి సైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చునని 1822లో ఫూరియే తన పుస్తకంలో చూపించాడు. త్రికోణ తరంగానికి లెక్క చాలా ముచ్చటగా ఉంటుంది. మొదటి తరంగం ఎత్తు 1 అయితే, మూడు రెట్లు దగ్గరగా ఊగే రెండోది తొమ్మిదో వంతు, ఐదు రెట్లు దగ్గరగా ఊగే మూడోది ఇరవై ఐదో వంతు. ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా కలపాలి.

కాబట్టి రవిక చేతి మీద పైన ఫోడా కుంభ వరుస, దాని కింద మూడు వరుసలు: 9 మిల్లీమీటర్ల ఎత్తు అల, దాని కింద 1 మిల్లీమీటరు అల, దాని కింద ఇక కుట్టలేనంత సన్నని అల, ఒకే పోగుతో దాదాపు తిన్నని అడ్డగీతలా. "మిగతావి మీరే ఊహించుకోండి" అన్నట్టు మూడు చుక్కలు. ఇంజినీరు పెళ్లికూతుళ్లు దీన్ని చూసి మనసు పారేసుకుంటారు. చీర మీద మాత్రం చేయి పెట్టకండి, నేసినవాళ్ల అంచు వాళ్లదే. మన అల్లరి రవిక వరకే.

పిపిలి చందువా మీది రాహువును సైన్సు జోకుగా మార్చవచ్చా?

పిపిలి అతుకుపనిలో సూర్యుడు, చంద్రుడు, రాహువు పాత నమూనాలే. రాహువును తీసేసి "ఇదంతా నీడ" అని పాఠం చెప్పనవసరం లేదు. ఖగోళశాస్త్రంలో రాహుకేతువులు నిజంగానే ఉన్నారు. ఆకాశంలో సూర్యుడు నడిచే దారిని చంద్రుడి దారి కోసే రెండు బిందువులే వాళ్లు. గ్రహణం పట్టాలంటే పౌర్ణమి గానీ అమావాస్య గానీ ఆ బిందువుల దగ్గర పడాలి. పసుపు దారంతో ఒక గీత, తెల్లదారంతో ఇంకొక గీత, రెండూ దాదాపు 5 డిగ్రీల కోణంలో కోసుకునేలా రన్నింగ్ కుట్టు వేసి, కోసుకున్న చోట రాహువు మొహాన్ని అతికించండి. నోరు తెరిచి కూర్చుని ఎదురుచూస్తుంటాడు. పురాణం తెలిసినవాళ్లకూ నవ్వు వస్తుంది, పంచాంగం గణించేవాళ్లకూ వస్తుంది.

ఈ గుడ్డ మూలన పఠాణి సామంతను పెట్టవచ్చు. 1835లో ఖండపడాలో పుట్టిన ఈ ఒడియా జ్యోతిర్విజ్ఞాని టెలిస్కోపు లేకుండా, వెదురుతో తనే చేసుకున్న సాధనాలతో చంద్రుడి నడకలోని తేడాలు పట్టుకున్నాడు. చేతిలో వెదురు గొట్టం, ముఖాన "ఇంకేం కావాలి?" అన్న ధీమా.

ఒక హెచ్చరిక. నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం కుట్టకండి. అక్కడ ఖాళీ లేదు, చంద్రుడి చీకటి భాగం ఉంది. కుట్టారంటే ఆ నక్షత్రం చంద్రుడికి ఇవతల, మన నెత్తి మీద ఉన్నట్టు.

దారం తెంచకుండా మొత్తం నమూనా కుట్టవచ్చని ఒకావిడ పందెం కాసింది. సాధ్యమా?

రెండువైపులా ఒకేలా కనిపించే జంట రన్నింగ్ కుట్టుతో అయితే ఆవిడే గెలుస్తుంది. కోనిగ్స్‌బెర్గ్ ఊళ్లో ఏడు వంతెనలను ఒక్కోదాన్ని ఒక్కసారే దాటుతూ తిరగడం కుదరదని 1736లో ఆయిలర్ తేల్చాడు. ఒక కూడలికి బేసి సంఖ్యలో దారులు వస్తే చిక్కు అక్కడే. కానీ జంట రన్నింగ్‌లో ప్రతి గీత మీదా రెండుసార్లు వెళతాం, వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీలు నింపుతూ ఒకసారి. అప్పుడు ప్రతి కూడలిలోనూ దారుల సంఖ్య సరి అవుతుంది. కాబట్టి ముక్కలు కాకుండా కలిసి ఉన్న ఏ నమూనా అయినా బయలుదేరిన చోటికే వచ్చి చేరుతుంది. ఏడు వంతెనలనే కుట్టి, "నడవలేరు, కుట్టగలరు" అని రాయండి. చేయి ఎత్తకుండా మెలికల ముగ్గు వేసేవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. చెన్నైలో గిఫ్ట్ సిరోమణి వంటివాళ్లు 1970లలో ముగ్గుల మీద గణిత పత్రాలే రాశారు.

క్రోషియాలో అంచు అలలు అలలుగా లేచిపోతోంది. విప్పేయాలా?

వద్దు. ప్రతి వరుసలోనూ కుట్లు ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే గుడ్డ చదునుగా ఉండలేదు, ముడతలు పడి లేస్తుంది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా ఇలాగే అల్లి హైపర్‌బోలిక్ తలాన్ని చేత్తో పట్టుకునేలా చేసింది. అంతకుముందు కాగితంతో చేసినవి చిరిగిపోయేవి. ఆ తలం మీద ఒక గీతకు బయటి బిందువు గుండా ఎన్ని సమాంతర గీతలైనా పోతాయి, యూక్లిడ్ ఒక్కటే అన్నాడు. కాబట్టి టేబుల్ మీద పరిచినప్పుడు ఎవరైనా వంక పెడితే "యూక్లిడ్‌ను అడగండి" అనండి. 2004లో ఇంగ్లండులో హింకె ఓసింగా, బెర్ండ్ క్రౌస్కోఫ్ అనే ఇద్దరు గణితజ్ఞులు గందరగోళ సిద్ధాంతంలోని లోరెంజ్ తలాన్ని 25,511 కుట్లతో అల్లారు. అంత అవసరం లేదు. నాలుగు వరుసలు అల్లి పిల్ల మెడకు చుట్టినా అదే గణితం.

అంచులో రహస్య సందేశం దాచవచ్చా?

చుక్కకు ఫ్రెంచ్ ముడి, గీతకు పొడవు కుట్టు, అంతే, మోర్స్ సంకేతం తయారు. 1941 డిసెంబరులో జర్మన్ల యుద్ధఖైదీగా ఉన్న బ్రిటిష్ మేజర్ అలెక్సిస్ కస్డాగ్లీ ఒక గుడ్డ కుట్టి, అంచులో మోర్స్‌లో హిట్లర్‌ను బండబూతు తిట్టాడు. కాపలా జర్మన్లు అది తెలియక బాగుందని గోడకు తగిలించి చూపించుకున్నారు. మీరు ఆడపడుచుకు ఇచ్చే రుమాలు మీద కాస్త మర్యాదైనది రాయండి. ఆమెకు మోర్స్ వచ్చి ఉండవచ్చు.

దారంతో సంకేతాలు రాయడం ఆటేమీ కాదు. అపోలో నౌకల కంప్యూటర్ జ్ఞాపకశక్తిని కార్మిక స్త్రీలు సూదులతో తీగలు దూర్చి నేశారు. అయస్కాంత వలయంలోంచి తీగ వెళితే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా.

డొంగ్రియా కొంధుల నమూనాల్లో సైన్సు జోకులు కలపవచ్చా?

వద్దు. రాయగడ వైపు నియమగిరి కొండల్లో ఆ గిరిజన స్త్రీలు కుట్టే కప్డాగండా శాలువకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ త్రికోణాలు, రంగులు వాళ్ల కొండలవి, వాళ్ల నమ్మకాలవి. ఇష్టపడ్డవాళ్లకు ప్రేమగా ఇచ్చుకునేది. దాని మీద ఎలక్ట్రాన్లు తిప్పితే జోకు కాదు, దురుసుతనం. కొనుక్కుని కప్పుకోండి.

ధర ఎంత చెప్పాలి?

కుట్టిన గంటలు లెక్కపెట్టండి, నవ్వుకు విడిగా ఏమీ వేయకండి. "అంత చిన్న బొమ్మకు ఇంతా?" అనేవాళ్లకు గుడ్డ తిరగేసి వెనుకవైపు చూపించండి. సమీకరణం అర్థం కాలేదని బేరమాడేవాళ్లకు తగ్గించకూడదు. అర్థమై నవ్వినవాళ్లకు కాస్త తగ్గించవచ్చు, అది మీ ఇష్టం.

ఎర్రదారం రంగు పోతోంది. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందా?

ఉప్పు రంగు వేసేటప్పుడు కొన్ని రంగులకు సాయపడుతుంది, వేసేసిన రంగును తర్వాత పట్టి ఉంచలేదు. కుట్టకముందే ఎర్రదారపు లచ్చిని చన్నీళ్లలో ముంచి, తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి. గుడ్డకు అంటితే నీళ్లు తేటపడేవరకు కడిగి, ఆరబెట్టి, అప్పుడు సూదికి ఎక్కించండి. కుట్టేశాక అంటుకుంటే ఆరనివ్వకుండా వెంటనే ఎక్కువ చన్నీళ్లలో మార్చి మార్చి జాడించండి. అప్పటికీ మరక మిగిలితే, మధ్యలో చిక్కగా, అంచుకు పోయేకొద్దీ పలచగా ఉంటుంది. దాని చుట్టూ నల్లదారంతో చిన్న బాణాలు బయటివైపుకు కుట్టి, కింద "విసరణ" అని రాసేయండి. చిక్కగా ఉన్న చోటి నుంచి పలచని చోటికి పాకడానికి సైన్సు పెట్టిన పేరు అదే.